క్లిక్‌కీ క్లిక్‌కీ మధ్య ఏం మిగలాలి?

విజువల్ బేసిక్ కొత్తగా నేర్చుకునేవాళ్ల చేత చేయించే తొలి అభ్యాసాల్లో ఒకటి, బటన్‌ని ఎన్నిసార్లు నొక్కారో లెక్కపెట్టే చిన్న ఫారం. ఫారం మీద ఒక బటన్, పక్కనే అంకె చూపించడానికి ఒక లేబుల్. డిజైన్ తెరలో బటన్ మీద డబుల్ క్లిక్ చేస్తే కోడ్ రాసే చోటు తెరుచుకుంటుంది. అక్కడ ‘లెక్క’ అనే వేరియబుల్‌ని డిక్లేర్ చేసి, దానికి ఒకటి కలిపి, వచ్చిన విలువను లేబుల్‌లో పెట్టమని మూడు లైన్లు రాస్తారు. ప్రోగ్రాం నడిపి బటన్ నొక్కితే 1 వస్తుంది. ఇంకోసారి నొక్కితే మళ్లీ 1. పదోసారి నొక్కినా 1. ఎర్రర్ రాదు, ప్రోగ్రాం ఆగిపోదు, అంకె మాత్రం కదలదు. ఎందుకని అడిగితే సాధారణంగా దొరికే జవాబు ఒకటే: డిక్లేర్ చేసిన లైనుని ప్రొసీజర్‌లోంచి తీసి ఫారం కోడ్ మొదట్లో పెట్టు. పెడితే 1, 2, 3 అని లెక్క నడుస్తుంది. సమస్య తీరింది గానీ విద్యార్థి మనసులో ఒక ప్రమాదకరమైన సూత్రం నాటుకుంటుంది: విలువ నిలవకపోతే వేరియబుల్‌ని పైకి జరపాలి. ఫారాలతో నడిచే బిల్లింగ్ ప్రోగ్రాముల్లో, స్టాకు లెక్కల్లో, ఆఫీసు పనిముట్లలో ఎదురయ్యే అంతుచిక్కని తప్పులు చాలా వరకు ఈ సూత్రం చాటు నుంచే వస్తాయని నా వాదన. వేరియబుల్‌ని ఎక్కడ పెట్టాలన్నది వ్యాకరణ నియమంలా బట్టీ పట్టించకూడదు. ఆ విలువ ఎవరిది, ఎంతసేపు బతకాలి అని ముందు అడగడం నేర్పాలి.

ముందుగా ఆ మూడు లైన్లలో ఏం జరిగిందో చూద్దాం. ప్రొసీజర్ లోపల డిక్లేర్ చేసిన వేరియబుల్ ఆ ప్రొసీజర్ మొదలైనప్పుడు పుడుతుంది, అది ముగిసినప్పుడు పోతుంది. బటన్ నొక్కిన ప్రతిసారీ కొత్త వేరియబుల్ సున్నాతో పుట్టి, ఒకటై, లేబుల్‌లో తన విలువ వదిలి వెళ్లిపోతోంది. అంటే పదిసార్లు నొక్కితే పది వేర్వేరు ‘లెక్క’లు వచ్చి పోయాయి. ఇందులో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఆ పేరు కోడ్‌లో ఏ మేరకు కనిపిస్తుంది అన్నది ఒకటి. దీన్నే స్కోప్ అంటారు. ఆ విలువ ఎంతకాలం నిలుస్తుంది అన్నది రెండోది. దీన్ని ఆయుష్షు అందాం. ఈ రెండూ వేరని చెప్పడానికి విజువల్ బేసిక్‌లోనే మంచి సాక్ష్యం ఉంది. డిమ్ అనే మాట బదులు స్టాటిక్ అని రాస్తే, వేరియబుల్ ప్రొసీజర్ లోపలే ఉంటుంది, బయట ఎవరికీ కనిపించదు, కానీ క్లిక్‌కీ క్లిక్‌కీ మధ్య చావదు. మన లెక్కల ఫారానికి అసలైన మందు అదే. ఆ అంకెతో వేరే బటన్లకు పని లేదు కాబట్టి వాటికి కనిపించాల్సిన అవసరమూ లేదు. విద్యార్థికి కావలసింది ఆయుష్షు. మనం దాంతోపాటు అడగని స్కోప్ కూడా ధారపోశాం. పాఠ్యపుస్తకాల్లో ఈ రెంటినీ ఒకే పట్టికలో పక్కపక్కన వేసి వదిలేయడం వల్ల, రెండూ ఒకటే అన్న భ్రమ డిగ్రీ పూర్తయ్యాక కూడా పోదు.

ఈ చిక్కు ఫారాలతోనే ఎందుకింత ముదిరిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ బేసిక్ భాషను తెచ్చినప్పుడు అందులో ప్రతి వేరియబుల్ ప్రోగ్రాం అంతటా కనిపించేది. పేరు పెట్టారంటే అది అందరిదీ. అయినా నష్టం పెద్దగా లేదు. ఆ ప్రోగ్రాములు చిన్నవి. లైను నంబర్ల ప్రకారం పైనుంచి కిందికి నడిచేవి. ఎప్పుడు ఏది అడగాలో, దేని తర్వాత ఏది లెక్కకట్టాలో ప్రోగ్రామరే నిర్ణయించేవాడు. అంతకు ముందే 1960లో వచ్చిన ఆల్గాల్ 60 భాష ఒక బ్లాకులో పుట్టిన పేరు ఆ బ్లాకు వరకే చెల్లాలన్న పద్ధతిని స్థిరపరిచింది. నేటి భాషల్లో చాలావి ఆ దారిలోనే నడుస్తున్నాయి. 1973లో విలియం వుల్ఫ్, మేరీ షా కలిసి గ్లోబల్ వేరియబుల్ హానికరమని పేరులోనే చెప్పేసిన వ్యాసం ప్రచురించారు. ప్రోగ్రాములు అర్థం కాకుండా పోవడానికి ఒక ముఖ్య కారణం దూరంగా ఎక్కడో ఉండి ఎవరైనా మార్చగలిగే వేరియబులే అన్నది వాళ్ల వాదన. అప్పటికి కిటికీలు, మౌసు, బటన్లు మామూలు జనం చేతికి రాలేదు. క్రమం ప్రోగ్రామర్ చేతిలో ఉన్న రోజుల్లోనే వాళ్లు ఆ మాట అన్నారన్నది గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత ఆ క్రమమే చేతులు మారింది. 1985లో వచ్చిన విండోస్ మొదటి రూపం నుంచీ ప్రోగ్రాం తీరు వేరు. అది మొదలై, తెర మీద కిటికీ పరిచి, ఎదురుచూస్తూ కూర్చుంటుంది. కీ నొక్కినా, మౌసు కదిపినా, కిటికీ మూసినా విండోస్ ఒక సందేశం పంపుతుంది. ప్రోగ్రాంలోని లూప్ ఆ సందేశాన్ని అందుకుని తగిన ప్రొసీజర్‌కి అప్పగిస్తుంది, పని అయ్యాక మళ్లీ ఎదురుచూపు. మొదట్లో ఆ లూప్‌ని సీ భాషలో ప్రోగ్రామరే రాసుకోవాలి. కష్టమైనా కళ్లెదుట ఉండేది. ఫారం మీద బొమ్మల్లా వస్తువులు పేర్చుకునే పద్ధతిని అలన్ కూపర్ తయారు చేస్తే, 1988లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొని, బేసిక్ భాషతో జతచేసి, 1991లో విజువల్ బేసిక్‌గా విడుదల చేసింది. లూప్ తెరవెనక్కి పోయింది. బటన్ మీద డబుల్ క్లిక్ చేసి కోడ్ రాస్తే చాలు. ప్రోగ్రామింగ్ చదువుకోని గుమాస్తాలు, అకౌంటెంట్లు, లెక్చరర్లు కూడా తమకు కావలసిన పనిముట్లు తామే చేసుకోగలిగారు. ఇది సామాన్యమైన మేలు కాదు. 1995లో డెల్ఫీ, 2002లో డాట్ నెట్‌తో వచ్చిన విండోస్ ఫారమ్స్ అదే బాటను విశాలం చేశాయి. కానీ లూప్ కనపడకపోవడంతో ఒక సత్యం కూడా కనపడకుండా పోయింది: క్లిక్ లాంటి ఈవెంట్ జరిగినప్పుడు నడిచే ప్రొసీజర్‌ని, అంటే ఈవెంట్ హ్యాండ్లర్‌ని, పిలిచేది మనం కాదు. మన కోడ్‌లో దాన్ని పిలిచే లైను ఎక్కడా ఉండదు. ఎప్పుడు పిలవాలో, దేని తర్వాత పిలవాలో కుర్చీలో కూర్చున్న మనిషి వేళ్లు నిర్ణయిస్తాయి.

దీనికి ఒక పర్యవసానం ఉంది. మామూలు ఫంక్షన్‌కి కావలసిన విలువలు మనమే పారామీటర్లుగా ఇచ్చి పంపుతాం, అది ఫలితం తిరిగి ఇస్తుంది. ఈవెంట్ హ్యాండ్లర్‌కి ఆ వీలు లేదు. డాట్ నెట్‌లో దానికి వచ్చే పారామీటర్లు రెండే: ఈవెంట్ ఎవరి దగ్గర పుట్టిందో చెప్పే ‘సెండర్’, ఆ ఈవెంట్ వివరాలు మోసుకొచ్చే ఇంకో వస్తువు. నాకు ఈ కస్టమర్ పేరు కూడా ఇచ్చి పిలవమని విండోస్‌ని అడగలేం. అది తిరిగి ఇచ్చే ఫలితాన్ని అందుకునేవాళ్లూ లేరు. కాబట్టి ఒక క్లిక్‌లో తెలిసిన సంగతి ఇంకో క్లిక్‌కి చేరాలంటే, రెండింటికీ బయట ఎక్కడో రాసి పెట్టక తప్పదు. గ్లోబల్ వేరియబుల్స్ వాడకండి అని పాఠాల్లో చెప్పే బుద్ధి మాట ఫారం రాసేవాడి చెవికెక్కకపోవడానికి కారణం ఇదే. అతని సోమరితనాన్ని తప్పుపట్టి లాభం లేదు. బయట రాసుకోవడం ఈ పద్ధతిలోనే ఉంది. అతనికి చెప్పాల్సింది బయట అంటే ఎంత బయట అన్నది.

ఒక హార్డ్‌వేర్ షాపు బిల్లింగ్ ఫారాన్ని ఊహించండి. వస్తువు పేరు, ధర టైపు చేసి ‘చేర్చు’ బటన్ నొక్కితే జాబితాలో పడుతుంది, కింద మొత్తం కనిపిస్తుంది. 850 రూపాయల పెయింట్ డబ్బా, 120 రూపాయల బ్రష్. మొత్తం అనే వేరియబుల్ ‘చేర్చు’ హ్యాండ్లర్ లోపలే ఉంటే రెండో క్లిక్ తర్వాత మొత్తం 120 అని చూపిస్తుంది. మన లెక్కల ఫారం జబ్బే ఇది. వేరియబుల్‌ని ఫారం మొదట్లోకి జరిపితే 970 వస్తుంది, అందరూ సంతోషిస్తారు. తర్వాతి కస్టమర్ 200 రూపాయల టిన్నర్ సీసా కొంటే మొత్తం 1170 అవుతుంది, ఎవరో ఒకరు ‘కొత్త బిల్లు’ హ్యాండ్లర్‌లో దాన్ని సున్నా చేయకపోతే. సున్నా చేశారనుకుందాం. గుమాస్తా ‘కొత్త బిల్లు’ నొక్కకుండా, జాబితాలోని వస్తువులన్నీ ‘తీసెయ్’ బటన్‌తో ఒక్కొక్కటే తీసేస్తే? తీసేసినప్పుడు మొత్తంలోంచి తగ్గించాలని ఆ హ్యాండ్లర్ రాసినవాళ్లకు గుర్తుండాలి. మధ్యలో 5 శాతం తగ్గింపు ఇచ్చి ఉంటే? తగ్గించాల్సింది వస్తువు అసలు ధరా, తగ్గింపు పోయాక మిగిలిన ధరా? ఫారాన్ని మూయకుండా దాచి, మళ్లీ చూపిస్తే? దాచిన ఫారం చావదు, పాత మొత్తం అందులోనే కూర్చుని ఉంటుంది. ఇలా ఒక్కొక్క రంధ్రాన్నీ పూడ్చుకుంటూ పోతే, ఒక అంకెను సరిగ్గా ఉంచే బాధ్యత అరడజను హ్యాండ్లర్ల మీద పడుతుంది. ఒక్కటి మరిచినా డబ్బు తేడా వస్తుంది.

ఇంతటితో ఆగదు. రసీదు ముద్రించే ఫారం వేరుగా ఉందనుకోండి. దానికి కూడా మొత్తం కావాలి. బిల్లింగ్ ఫారంలోని ప్రైవేట్ వేరియబుల్ దానికి కనిపించదు కాబట్టి, వేరే మాడ్యూల్‌లో పబ్లిక్ అని డిక్లేర్ చేస్తారు. ఇప్పుడది ప్రోగ్రాం అంతటికీ ఒక్కటే. రంగు ఏది కావాలో ఇంట్లో అడిగొస్తానని మొదటి కస్టమర్ బయటికెళ్తే, గుమాస్తా అతని బిల్లు అలాగే ఉంచి రెండో కస్టమర్ కోసం ఇంకో బిల్లింగ్ కిటికీ తెరుస్తాడు. కిటికీలు రెండు, జాబితాలు రెండు, మొత్తం మాత్రం ఒకటే. రెండో వాళ్ల 200 మొదటి వాళ్ల 970కి వెళ్లి కలుస్తుంది. స్కూలు వరండాలోని నల్లబల్ల మీద అన్ని తరగతుల వాళ్లూ లెక్కలు చేసుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. ఇక్కడ మొదట అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు. మొత్తం అనేది ఎవరిది? అది బటన్‌ది కాదు, ఫారానిదీ కాదు, షాపుదీ కాదు. అది ఒక బిల్లుది. బిల్లు మొదలైనప్పుడు పుట్టి, బిల్లు ముగిసినప్పుడు పోవాలి. కాబట్టి ‘బిల్లు’ అని ఒక క్లాస్ రాసి, ఒక్కో కిటికీకి తన సొంత బిల్లుని ఇచ్చి, రసీదు ఫారాన్ని తెరిచేటప్పుడు ఆ బిల్లునే చేతికి అందించాలి. అప్పుడు ఎన్ని కిటికీలు తెరిచినా లెక్కలు కలగాపులగం కావు. ఇంకొక మెట్టు ఎక్కితే, మొత్తాన్ని దాచిపెట్టడమే అనవసరం. కావలసినప్పుడల్లా జాబితాలోని ధరలు కూడితే సరి. యాభై వస్తువుల ధరలు కూడడం కంప్యూటర్‌కి లెక్కలోకి రాని పని. దాచిపెట్టని అంకె పాతబడదు, దాన్ని సున్నా చేయడం ఎవరూ మరిచిపోలేరు.

చిన్న లెక్క వేస్తే ఈ ప్రమాదం పరిమాణం తెలుస్తుంది. ఒక వేరియబుల్‌ని నాలుగు హ్యాండ్లర్లు మారుస్తున్నాయనుకుందాం: చేర్చు, తీసెయ్, తగ్గింపు, కొత్త బిల్లు. గుమాస్తా ఆరుసార్లు క్లిక్ చేస్తే ఆ క్లిక్కులు రాగల క్రమాలు ఆరు నాలుగులను ఒకదానితో ఒకటి గుణించినన్ని, అంటే 4096. రాసిన మనిషి పరీక్షించేది అందులో తనకు సహజంగా తోచిన నాలుగైదు వరసలనే. వాడే మనిషి మిగతా వాటిలో ఏదైనా నడవవచ్చు, అలా నడిచే హక్కు అతనికి ఉంది కూడా. పైగా అన్ని ఈవెంట్లూ మనిషి వల్లే పుట్టవు. విజువల్ బేసిక్ డాట్ నెట్‌లో ఫారం తెర మీదికి రాకముందే, డిజైన్‌లో మనం ఇచ్చిన విలువలను టెక్స్ట్ బాక్సుల్లో, చెక్ బాక్సుల్లో నింపుతున్నప్పుడే వాటి ‘మార్పు’ ఈవెంట్లు పుట్టేస్తాయి. ఫారం లోడ్ అయ్యేటప్పుడు విలువ పెడదామనుకున్న వేరియబుల్ అప్పటికింకా ఖాళీ. బటన్ నొక్కకుండానే ప్రోగ్రాం కూలిపోతే కొత్తవాళ్లు తెల్లబోయేది ఇందుకే.

ఫారం స్థాయి వేరియబుల్ అసలు తప్పని నేననడం లేదు. అది న్యాయంగా కావలసిన చోట్లూ ఉన్నాయి. జీఎస్టీ లేకుండా ధర ఒక పెట్టెలో, జీఎస్టీ కలిపిన ధర ఇంకో పెట్టెలో ఉంచి, ఏది టైపు చేసినా రెండోది తనంతట తాను మారేలా చేయమని షాపువాళ్లు అడుగుతారు. ఒక్కో పెట్టె ‘మార్పు’ హ్యాండ్లర్‌లో రెండోదాన్ని లెక్కకట్టి నింపమని రాస్తాం. రేటు 18 శాతం. జీఎస్టీ కలిపిన పెట్టెలో 500 టైపు చేద్దామని మొదట 5 నొక్కగానే, పక్క పెట్టెలో 4.24 పడుతుంది. అది పడటం కూడా మార్పే కాబట్టి దాని హ్యాండ్లర్ లేచి, 4.24కి 18 శాతం కలిపి, పైసలకు సవరించి, మనం టైపు చేస్తున్న పెట్టెలో 5.00 అని రాసేస్తుంది. మిగతా రెండు సున్నాలు నొక్కేలోపే పెట్టెలో అంకె వేరొకటై కూర్చుంది. దీనికి మందు, ‘ఇప్పుడు మారుస్తున్నది ప్రోగ్రామే’ అని గుర్తుపెట్టుకునే ఒక అవును–కాదు వేరియబుల్. రెండు హ్యాండ్లర్లూ దాన్ని చూడాలి కాబట్టి అది ఫారం స్థాయిలో ఉండాల్సిందే. అయితే దాని మంచిచెడ్డలు కూడా చూసుకోవాలి. ‘అవును’ పెట్టి, తిరిగి ‘కాదు’ పెట్టేలోపు ఎర్రర్ వస్తే ఆ రెండు పెట్టెలూ ఆ తర్వాత ఉలకవు పలకవు. ఎర్రర్ వచ్చినా రాకపోయినా ‘ఫైనల్లీ’ భాగంలో తిరిగి మార్చే ఏర్పాటు ఉండాలి. ఇద్దరికి సంబంధించిన విషయాన్ని ఆ ఇద్దరికీ కనిపించేంత ఎత్తులోనే, అంతకు మించకుండా ఉంచడం అంటే ఇదే.

అనుభవజ్ఞులు ఒక అభ్యంతరం చెబుతారు. ఫారాల కోడ్ అంతా ఒకే థ్రెడ్‌లో నడుస్తుంది, ఒక హ్యాండ్లర్ పూర్తయ్యాకే ఇంకోటి మొదలవుతుంది, కాబట్టి ఒకరు రాస్తుండగా మరొకరు చెరిపే ప్రమాదం లేదు అని. సగం నిజం. పాత విజువల్ బేసిక్ నుంచీ డూ ఈవెంట్స్ అనే సదుపాయం ఉంది. పెద్ద పని చేస్తున్నప్పుడు తెర బిగుసుకుపోకుండా మధ్యలో దాన్ని పిలుస్తారు. పిలిచిన క్షణంలో ఎదురుచూస్తున్న క్లిక్కులన్నీ లోపలికి వస్తాయి; ‘సేవ్’ హ్యాండ్లర్ సగంలో ఉండగానే ‘సేవ్’ మళ్లీ మొదలు కావచ్చు. 2012లో సీ షార్ప్, విజువల్ బేసిక్ భాషల్లో అదే అవసరానికి వచ్చిన అవెయిట్ ఎంతో మెరుగైన పద్ధతే. అయినా అవెయిట్ ఉన్న లైను దగ్గర హ్యాండ్లర్ పక్కకు తప్పుకుని మిగతా ఈవెంట్లకు దారి ఇస్తుంది. ఆ లైనుకి పైన చూసిన ఫారం వేరియబుల్ విలువ, ఆ లైనుకి కింద అదే ఉంటుందన్న హామీ లేదు. హ్యాండ్లర్ మొదట్లోనే దాని నకలు లోకల్ వేరియబుల్‌లో తీసుకుంటే అది ఎవరి చేతికీ చిక్కదు. మెసేజ్ బాక్స్ చూపించి జవాబు కోసం ఆగినప్పుడు కూడా ఫారం మీది టైమర్ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

ఈ క్రమం గొడవ ఎంతవరకు పోగలదో చెప్పే చరిత్ర ఒకటుంది. థెరాక్–25 అనేది క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం. తయారుచేసింది కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్. 1985 జూన్ నుంచి 1987 జనవరి వరకు అమెరికా, కెనడాల్లో ఆరుగురు రోగులకు అది ఇవ్వాల్సిన దానికంటే ఎన్నో రెట్లు రేడియేషన్ ఇచ్చింది. అందులో మరణాలూ ఉన్నాయి. నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ 1993లో దీని మీద సవివరమైన పరిశోధన ప్రచురించారు. ఆపరేటర్ తెర మీది ఖాళీల్లో వివరాలు నింపేవారు. కర్సర్ కింది వరుసకు చేరగానే ‘వివరాలు పూర్తయ్యాయి’ అని ఒక ఉమ్మడి వేరియబుల్ గుర్తుపెట్టుకునేది. 1986లో టెక్సస్‌లోని టైలర్‌లో ఆపరేటర్ ఎలక్ట్రాన్ అని ఉండాల్సిన చోట పొరపాటున ఎక్స్‌రే అని కొట్టి, కర్సర్‌ని పైకి తెచ్చి చకచకా సరిదిద్దారు. అయస్కాంతాలు సర్దుకోవడానికి పట్టే సుమారు 8 సెకన్లలోనే ఆ సవరణ జరిగిపోయింది. తెర మీద దిద్దిన మాట కనిపించింది గానీ, యంత్రంలోని మరో భాగానికి ఆ సంగతి తెలియలేదు. 1987లో అమెరికాలోనే యాకిమాలో జరిగినది ఇంకొక రకం. ఏదో సరిచూడాల్సి ఉందని చెప్పే వేరియబుల్‌కి స్థిరమైన విలువ ఇవ్వకుండా ప్రతిసారీ ఒకటి కలుపుతూ పోయారు. అది ఒక బైటు మాత్రమే కాబట్టి 256వ సారి తిరిగి సున్నా అయ్యేది. సున్నా అంటే సరిచూడాల్సిందేమీ లేదని అర్థం. సరిగ్గా ఆ క్షణంలో ‘సెట్’ బటన్ నొక్కితే తనిఖీ తప్పిపోయేది. ఆ యంత్రం ప్రోగ్రాం అసెంబ్లీ భాషలో, ఏకకాలంలో నడిచే అనేక పనులుగా రాసినది. మన బిల్లింగ్ ఫారం లాంటిది కాదు. పాత నమూనాలో ఉన్న హార్డ్‌వేర్ రక్షణలను తీసేయడం కూడా పెద్ద కారణమని ఆ పరిశోధకులే నొక్కి చెప్పారు. అయినా మూలంలో ఉన్న రెండు సంగతులూ మనకు తెలిసినవే: మనిషి వేళ్లు నిర్ణయించిన క్రమం, అనేక భాగాలు కలిసి ముట్టుకునే వేరియబుల్.

స్కోప్ విషయంలో పొరపడేది కొత్తవాళ్లే అనుకోవడం కూడా సరికాదు. భాషలను రూపొందించినవాళ్లే తమ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. హోటల్ ప్రోగ్రాంలో పది టేబుళ్లకు పది బటన్లు లూప్‌తో సృష్టించి, ఒక్కోదానికి అక్కడికక్కడే చిన్న హ్యాండ్లర్ రాస్తూ, అందులో లూప్ వేరియబుల్‌ని టేబుల్ నంబరుగా వాడామనుకోండి. ఒకటి నుంచి పది వరకు లెక్కించే ‘ఫర్’ లూప్ అయితే ఏ బటన్ నొక్కినా టేబుల్ 11 అంటుంది. హ్యాండ్లర్ పట్టుకున్నది వేరియబుల్‌ని; ఆనాటి విలువను కాదు. పది హ్యాండ్లర్లూ ఒకే వేరియబుల్‌ని పట్టుకున్నాయి. బటన్ నొక్కే వేళకు లూప్ ఎప్పుడో ముగిసి అది 11 దగ్గర ఆగి ఉంది. కోడ్ రాసిన క్షణానికీ, అది నడిచే క్షణానికీ మధ్య దూరం ఉండటమే ఈవెంట్ల లక్షణం కాబట్టి ఈ తప్పు ఫారాల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. 2012లో వచ్చిన సీ షార్ప్ 5లో, ‘ఫర్ ఈచ్’ లూప్ ప్రతి చుట్టులోనూ కొత్త వేరియబుల్ పుట్టేలా మార్చారు. పాత కోడ్ అర్థం మారిపోయే మార్పులకు మామూలుగా ఒప్పుకోని భాష అది. మామూలు ‘ఫర్’ లూప్‌ని అలాగే ఉంచారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన గో 1.22 ఇంకా ముందుకెళ్లి రెండు రకాల లూపులకూ ఆ మార్పు తెచ్చింది. సీ షార్ప్‌లో ‘ఫర్’ వాడేవాళ్లు ఇప్పటికీ లూప్ లోపల ఒక లోకల్ వేరియబుల్ సృష్టించి, విలువను అందులోకి నకలు తీసుకుని వాడుకోవాలి.

ఆయుష్షు మరీ ఎక్కువైతే వచ్చే తంటాలు వేరు. హ్యాండ్లర్‌ని ఈవెంట్‌కి తగిలించడమంటే, ఈవెంట్ పుట్టించే వస్తువు మన ఫారాన్ని గుర్తుపెట్టుకోవడమే. ఫారం మీది బటన్ ఆ ఫారంతోనే పోతుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. కానీ కంప్యూటర్ నిద్రలోకి వెళ్లడం, తెర సైజు మారడం లాంటివి తెలియజేసే డాట్ నెట్ ఈవెంట్లు ప్రోగ్రాం ఉన్నంతసేపూ ఉంటాయి. వాటికి తగిలించి విప్పకుండా వదిలేస్తే, మూసేసిన ఫారం తన వేరియబుల్స్ అన్నింటితో మెమరీలోనే ఉండిపోతుంది, దాని హ్యాండ్లర్ నడుస్తూనే ఉంటుంది. తప్పక విప్పాలని మైక్రోసాఫ్ట్ పత్రాలు ప్రత్యేకంగా హెచ్చరిస్తాయి. ఫారాన్ని పదిసార్లు తెరిచి మూస్తే ఒక ఈవెంట్‌కి పది ఫారాలు స్పందిస్తాయి. కోడ్‌లో ఆ ఫారం పేరు ఎక్కడా కనిపించదు, అయినా విలువలు బతికే ఉన్నాయి. స్కోప్, ఆయుష్షు వేరని మొదట్లో అన్నదానికి ఇది రెండో కొస.

చిన్న ప్రోగ్రాములకు ఇంత ఆర్భాటం ఎందుకన్న ప్రశ్న మిగిలింది. నలభై లైన్ల పనిముట్టు, ఒక్కడే రాసి ఒక్కడే వాడుకునేది, దానికి బిల్లు క్లాసు, లోకల్ నకలు అవసరమా? నిజంగా అది చిన్నదిగానే ఉండిపోతే అవసరం లేదు. ఫారం వేరియబుల్ పెట్టి పని కానివ్వడంలో తప్పు లేదు. కానీ ఆఫీసుల్లో బాగా పనిచేసిన ప్రతి చిన్న పనిముట్టుకీ ఇంకో బటన్ కావాలని అడుగుతారు. ఆ బటన్ రాసేది చాలాసార్లు వేరే మనిషి. పదో బటన్ రాసే మనిషికి, పైనున్న ఇరవై వేరియబుల్స్‌లో ఏది ఎప్పుడు సున్నా అవుతుందో చెప్పే కాగితం ఉండదు. విజువల్ బేసిక్ 6 వచ్చింది 1998లో, దానిలో ప్రోగ్రాములు రాసే సాధనానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది 2008లో. అయినా దానితో చేసిన ప్రోగ్రాములు నేటికీ నడుస్తున్న చోట్లున్నాయి. వాటిని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలకపోవడానికి భాష పాతబడటం ఒక్కటే కారణం కాదు. ఒక వేరియబుల్ మారిస్తే ఎక్కడ ఏం కదులుతుందో తెలియని భయం అది.

మన డిగ్రీ కాలేజీల ల్యాబుల్లో విజువల్ బేసిక్, ఆ తర్వాత డాట్ నెట్ ఏళ్ల తరబడి చెప్పారు. రికార్డు పుస్తకంలో ప్రోగ్రాం రాసి, ఒకసారి నడిపి, తెర బొమ్మ అతికిస్తే మార్కులు పడతాయి. ఒకే క్రమంలో ఒకసారి నడిపితే గ్లోబల్ వేరియబుల్‌తో రాసినదీ, సరిగ్గా రాసినదీ ఒకే జవాబు ఇస్తాయి. తేడా పట్టుకునే అవకాశమే ఆ పరీక్షలో లేదు. అదే ఫారాన్ని రెండు కిటికీలుగా తెరిచి చెరో బిల్లు వేయించాలి, మధ్యలో ఒకదాన్ని దాచి తిరిగి చూపించమనాలి, ‘తీసెయ్’ని ‘చేర్చు’ కంటే ముందు నొక్కించాలి, ‘సేవ్’ని వెంటవెంటనే రెండుసార్లు నొక్కించాలి. ఇందుకు పట్టేది ఐదు నిమిషాలు. మొత్తం ఎందుకు కలిసిపోయిందో విద్యార్థి అప్పుడు తనంతట తానే అడుగుతాడు. స్టాటిక్, ప్రైవేట్, పబ్లిక్ అనే మాటలు దేనికి ఉన్నాయో చెప్పడానికి మాస్టారికి అంతకన్నా అనువైన సమయం దొరకదు.